టెక్ సందేహాలు: ఒకరు వాడిన ఒమేగాకు ఎంత ఇవ్వొచ్చు?

ప్రశ్న: మా ఆఫీసులో సీనియర్ ఒకాయన తన ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎం వాచీ అమ్ముతున్నారు. నీలం డయల్, స్టీల్ బ్రేస్‌లెట్. 2020 మార్చిలో దుబాయ్‌లో కొన్నారట. 3.90 లక్షలు అడుగుతున్నారు. ‘షోరూమ్‌కెళ్తే దీనికంటే చాలా ఎక్కువ. క్యాష్ ఇస్తే ఇంకో పది వేలు తగ్గిస్తా’ అంటున్నారు. నెట్‌లో చూస్తే ఇదే మోడల్‌కు 3 లక్షల నుంచి 5 లక్షల దాకా రకరకాల ధరలున్నాయి. ఏది నమ్మాలి? ఫోన్‌లో యాప్‌తో వాచీని పరీక్షించవచ్చంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ముందు షోరూమ్ ధరను పక్కన పెట్టండి. దాంట్లోంచి ఇంత శాతం తగ్గించి ‘ఇదే న్యాయమైన ధర’ అనుకోవడం దగ్గరే అందరూ బోల్తా పడతారు. లెక్క కింది నుంచి మొదలుపెట్టాలి. ఈ వాచీ కొన్న మర్నాడే ఏదో అవసరం పడి అమ్మాల్సి వస్తే మీ చేతికి ఎంత వస్తుంది? ముందు తెలుసుకోవాల్సింది అదే.

అది తెలుసుకోవడం కష్టమేం కాదు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు సెకండ్ హ్యాండ్ లగ్జరీ వాచీలు కొని అమ్మే డీలర్లున్నారు. వాచీ ఫొటోలు, వారంటీ కార్డు ఫొటో పంపి ఎంతకు తీసుకుంటారో ముగ్గురిని అడిగించమని మీ సీనియర్‌కే చెప్పండి. నా అనుమానం, ఆయన ఇప్పటికే అడిగే ఉంటారు. వాళ్లు చెప్పిన ధర నచ్చకే మీ దాకా వచ్చుంటారు. అదేం తప్పు కాదు, అందరూ చేసేదే. కానీ ఆ అంకె మీకూ తెలియాలి. తర్వాత అదే మోడల్‌ను సొంత వారంటీతో అమ్మే సంస్థలు, ఉదాహరణకు ఎథోస్ వాళ్ల ‘సెకండ్ మూవ్‌మెంట్’ లాంటివి, ఎంతకు ఇస్తున్నాయో చూడండి. ఈ రెండు ధరల మధ్య తేడాలో డీలర్ లాభం, షాపు అద్దె, పన్ను, వారంటీ అన్నీ ఉంటాయి. మీ సీనియర్‌కు షాపూ లేదు, ఆయన వారంటీ కూడా ఇవ్వరు. అలాంటప్పుడు పై ధర అడిగే హక్కు ఆయనకు లేదు.

నెట్‌లో ధరల గురించి. జర్మనీకి చెందిన క్రోనో24 లాంటి సైట్లలో కనిపించేది అమ్మేవాళ్లు ఆశపడుతున్న ధర. నిజంగా అమ్ముడైంది ఎంతకో అందులో ఉండదు. ఏడాదిగా ఎవరూ కొనక పడి ఉన్న వాచీ కూడా ఆ లిస్టులోనే ఉంటుంది. అందుకే సగటు తీయకుండా, కాగితాలన్నీ ఉన్నవాటిలో కింద ఉన్న నాలుగైదు ధరలు చూడండి. విదేశాల నుంచి అమ్మేవాళ్ల ధరకు మన దిగుమతి సుంకం, జీఎస్టీ అదనం అని మరిచిపోవద్దు.

వెతికేటప్పుడు పేరు కాదు, రిఫరెన్స్ నంబర్ (కంపెనీ ఇచ్చే మోడల్ నంబర్) కొట్టండి. మీరు చెప్పిన వాచీకి అది 210.30.42.20.03.001 అయి ఉండాలి. ఇందులో 42 అంటే కేసు (వాచీ బాడీ) వెడల్పు 42 మిల్లీమీటర్లు, 03 అంటే నీలం డయల్. ముఖ్యమైనది రెండో భాగం. 30 అంటే స్టీల్ బ్రేస్‌లెట్‌తో వచ్చినది, 32 అంటే రబ్బరు స్ట్రాప్‌తో వచ్చినది. కార్డు మీద 32 ఉండి చేతికి బ్రేస్‌లెట్ కనిపిస్తే, దాన్ని తర్వాత తగిలించారన్నమాట. అది కంపెనీదా, బయట కొన్నదా అన్నది ఇంకో పరీక్ష. నెట్‌లో మీకు 3 నుంచి 5 లక్షల దాకా కనిపించడానికి సగం కారణం ఇలాంటి తేడాలన్నీ ఒకే పేరు కింద కలగాపులగంగా ఉండటమే.

ఇక యాప్. ఫోన్ మైక్‌కు వాచీని ఆనించి పెడితే టిక్ టిక్ శబ్దాన్ని విని వేగం లెక్కగట్టే టైమ్‌గ్రాఫర్ యాప్‌లు నిజంగానే పనిచేస్తాయి. ఫ్యాన్ ఆపి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టాలి. మీ వాచీలో ఉండాల్సిన, ఒమేగా 8800 అని పేరు పెట్టిన మెషీన్ గంటకు 25,200 సార్లు కొట్టుకుంటుంది. అంటే సెకనుకు 7 టిక్‌లు. చాలా స్విస్ ఆటోమేటిక్ వాచీలు 28,800 దగ్గర నడుస్తాయి. యాప్‌లో 28,800 కనిపించిందంటే బేరం అక్కడితో ఆపేయండి, లోపల ఉన్నది 8800 కాదు. 25,200 వచ్చినంత మాత్రాన అసలుదేనని తీర్మానించొద్దు, దాన్నీ కాపీ కొట్టేవాళ్లున్నారు. రెండోది, రోజుకు ఎన్ని సెకన్లు తేడా అన్నది. ఈ మెషీన్‌కు మెటాస్ అనే స్విస్ సంస్థ పరీక్ష ఉంటుంది. దాని ప్రకారం రోజుకు 0 నుంచి 5 సెకన్లు ముందుకు పోవచ్చు, వెనక్కి మాత్రం పోకూడదు. ఆరేళ్ల వాచీలో కాస్త అటూఇటూ ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. రోజుకు 15 సెకన్లు వెనకబడుతుంటే సర్వీస్ ఖర్చు నెత్తిన పడ్డట్టే. యాప్ చూపించే యాంప్లిట్యూడ్ (లోపలి చక్రం ఎంత ఊగుతోందన్న) అంకెను మాత్రం వదిలేయండి. ఒమేగా వాడే కో-యాక్సియల్ రకం మెషీన్ శబ్దం మామూలువాటిలా ఉండదు, అందుకే ఫోన్ యాప్‌లు అక్కడ తడబడతాయి.

వాచీతో వచ్చే మెటాస్ కార్డు మీద నంబర్ ఉంటుంది. దాన్ని ఒమేగా సైట్‌లో కొడితే ఆ వాచీకి జరిపిన పరీక్షల ఫలితాలు కనిపిస్తాయి. కేసు మీద చెక్కిన సీరియల్ నంబర్, వారంటీ కార్డు మీది నంబర్ ఒకటేనా అన్నది మీ కళ్లతో మీరే చూడండి, ఫొటోలో కాదు.

ధర తగ్గించే అసలు సంగతులు రెండు. ఒకటి సర్వీసు. ఒమేగా ఐదేళ్ల వారంటీ ఇస్తుంది కాబట్టి 2020 మార్చి వాచీకి అది 2025 మార్చితో అయిపోయింది. 5 నుంచి 8 ఏళ్లకోసారి పూర్తి సర్వీసు చేయించాలని కంపెనీయే చెబుతుంది. చేయించిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు ఇక మీదే. అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఎస్టిమేట్ రాయించి, అంత మొత్తం ధరలోంచి తీసేయండి. రెండోది పాలిష్. కొత్తదానిలా తళతళ మెరుస్తుంటే మురిసిపోకండి. కేసు అంచులు పదునుగా ఉండాలి. అరిగి గుండ్రంగా అయ్యాయంటే ఎవరో గట్టిగా పాలిష్ పట్టించారు. పోయిన లోహం మళ్లీ రాదు. నా మటుకు నేను నాలుగు గీతలున్న వాచీకే ఎక్కువ ఇస్తాను.

డబ్బా లేకపోతే పెద్ద నష్టం లేదు. కార్డు లేకపోతే ఉంది, రేపు మీరు అమ్మేటప్పుడు ప్రతి ఒక్కరూ అదే అడుగుతారు.

దుబాయ్ సంగతి చాలామంది పట్టించుకోరు. చేతికి పెట్టుకుని వచ్చేస్తే ఏమీ ఉండదని శంషాబాద్‌లో దిగే ప్రతి ఒక్కరికీ ఓ నమ్మకం. డ్యూటీ ఫ్రీ పరిమితి దాటిన వస్తువు చేతికి ఉన్నా సంచిలో ఉన్నా సుంకం కట్టాల్సిందే. కట్టిన రసీదు ఉందేమో అడగండి. లేకపోతే ధర తగ్గించమనడం కంటే నేనైతే బేరమే వదిలేస్తాను.

క్యాష్ విషయంలో ఆయనకు తెలియని చిక్కు ఒకటుంది. ఒకే లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాళ్లకే అంతే మొత్తం జరిమానా పడుతుంది. ఆయన మేలు కోరైనా బ్యాంకు ద్వారానే పంపండి, మీకూ రుజువు ఉంటుంది. సీరియల్ నంబర్ రాసి సంతకం చేసిన కాగితం కూడా తీసుకోండి. ఒకే ఆఫీసు కదా, మొహమాటం ఉంటుంది. అయినా అడగండి.

ఇప్పుడు లెక్క. అంకెలు ఉదాహరణకే, మీరు తెచ్చుకున్నవి పెట్టుకోండి. డీలర్లు 2.80 లక్షలకు కొంటామన్నారు, వారంటీతో 3.60కి అమ్ముతున్నారు అనుకుందాం. మధ్యలో కాస్త కిందికి, 3.10 దగ్గర మొదలుపెట్టండి. సర్వీసు ఎస్టిమేట్ 50 వేలొస్తే 2.60. అది డీలర్ ధర కంటే కిందికి పోయింది, ఆయన ఒప్పుకోరు. సర్వీసు భారం చెరి సగం వేసుకుంటే 2.85, ఆయనకూ డీలర్ ఇచ్చేదానికంటే ఓ 5 వేలు ఎక్కువే. 3.90 మాత్రం వాచీ ధర కాదు, ఆయన కొన్న రోజు జ్ఞాపకం ధర. స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా కూటమితో మన ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, స్విస్ వాచీల మీద సుంకం దశలవారీగా తగ్గుతుంది. ‘ముందు ముందు దీని ధర ఇంకా పెరుగుతుంది’ అని ఆయన అంటే ఈ మాట గుర్తుచేయండి.

ప్రశ్న: మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా నా దగ్గరుంది. అలాంటివే నెట్‌లో రంగురంగుల డయళ్లతో వేలకు వేలు చెబుతున్నారు. నాదీ అంత పలుకుతుందా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఆ రంగుల డయళ్లలో ఎక్కువ శాతం ఈమధ్య వేసినవే. నేనూ ఓసారి నారింజ రంగు డయల్‌తో ‘పాత సీకో’ కొన్నాను. మూత తీయించాక తేలింది, మెషీన్ ఒకచోటిది, డయల్ ఇంకెక్కడో గీసినది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపాక పాతవాటికి గిరాకీ పెరిగింది, దాంతో అతుకుల బొంతలూ పెరిగాయి. మన సనత్‌నగర్ ఆల్విన్ సీకోతో కలిసి చేసిన వాచీలు కొనేటప్పుడూ ఇదే జాగ్రత్త పడాలి. మీ నాన్నగారి వాచీ డయల్ మాసిపోయినా మార్పించకండి, దాని విలువంతా అందులోనే ఉంది. యాప్‌తో చూడాలనుకుంటే జనతా గంటకు 18,000 సార్లు కొట్టుకోవాలి. రోజుకు అర నిమిషం తేడా ఉన్నా ఆ వయసుకు మెచ్చుకోవచ్చు.

ప్రశ్న: వాడిన యాపిల్ వాచ్ హెర్మీస్ ఎడిషన్ కొంటే దాని విలువ నిలబడుతుందా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: నిలబడదు. లోపలి చిప్, సెన్సర్లు మామూలు యాపిల్ వాచ్‌లో ఉన్నవే, పట్టీ, కొన్ని వాచ్ ఫేస్‌లే వేరు. 2015లో యాపిల్ 18 క్యారట్ల బంగారంతో, 10 వేల డాలర్ల నుంచి మొదలయ్యే వాచ్ తెచ్చింది. 2018 వచ్చేసరికి దానికి కొత్త వాచ్‌ఓఎస్ (వాచీని నడిపే సాఫ్ట్‌వేర్) ఆగిపోయింది. అదే తరం మామూలు వాచ్ ఎంతకు దొరుకుతుందో చూసి, పట్టీ బాగుంటే దానికి కొంత కలిపి ఇవ్వండి. బ్యాటరీ హెల్త్ సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది. అమ్మే వ్యక్తి మీ ఎదురుగా తన ఐఫోన్ నుంచి అన్‌పెయిర్ చేసి, యాక్టివేషన్ లాక్ (వాచీని తన ఖాతాకు కట్టిపడేసే తాళం) తీసేసి, మీ ఫోన్‌కు పెయిర్ అయ్యాకే డబ్బులు పంపండి.