బాగున్న రోజునే జాగ్రత్తగా ఉండాలి

ప్రశ్న: నా వయసు 43. మూడు నెలల క్రితం నడుము దగ్గర, ఎల్4-ఎల్5 పూసల మధ్య, స్క్రూలు వేసి ఆ రెండు పూసలనూ ఒకటిగా అతికించే ఫ్యూజన్ ఆపరేషన్ చేశారు. కాలు లాగడం తగ్గింది కానీ పాదంలో తిమ్మిరి అలాగే ఉంది. పోయిన నెల ఒక రోజు చాలా బాగుందనిపించి మంచం పక్కకు జరిపాను. రెండు రోజులు లేవలేకపోయాను. స్క్రూలు కదిలాయేమోనని భయపడితే ఎక్స్-రే తీసి ఏమీ కాలేదన్నారు. అప్పటినుంచి అడుగు తీసి అడుగు వేయాలన్నా భయమే. అమ్మ మంచం దిగవద్దంటుంది. నా భార్య నడవమంటుంది. నేను ఇద్దరి మీదా అరుస్తున్నాను. మా తోడల్లుడు ఇలాంటి ఆపరేషనే చేయించుకుని నెలకల్లా ఆఫీసుకు వెళ్ళాడు. ఐదేళ్ళ పాప ఎత్తుకోమంటే ఎత్తుకోలేను. ఇంట్లో దండగ మనిషినైపోయానని అనిపిస్తోంది. నేను మళ్ళీ మామూలు మనిషిని అవుతానా?

జవాబు: మంచం జరిపిన రోజుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అసలు సంగతి అక్కడే ఉంది. ఆ రోజు మీకు బాగుంది. బాగుంది కాబట్టి ఎక్కువ చేశారు. తర్వాత రెండు రోజులు పడుకున్నారు. ఆ నొప్పికి భయపడి ఈ నెలంతా కదలడమే తగ్గించారు. కదలకపోతే ఉన్న కాస్త బలం కూడా పోతుంది. మళ్ళీ ఒక మంచి రోజు వస్తుంది, ఇన్నాళ్ళ బాకీ ఒక్కసారే తీర్చేయాలనిపిస్తుంది. ఈసారి ఇంకా తక్కువ పనికే నొప్పి వస్తుంది. వెన్ను ఆపరేషన్ తర్వాత చాలామంది తిరిగే గానుగ ఇదే. నొప్పి ఎక్కువున్న రోజు ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు. బాగున్న రోజునే కొంప మునుగుతుంది.

అందుకని ఎంత చేయాలన్నది ఆ రోజు నొప్పిని అడిగి తేల్చుకోకండి, గడియారాన్ని అడగండి. మామూలు రోజున ఇబ్బంది లేకుండా ఎంతసేపు నడవగలరో చూడండి. అది పది నిమిషాలనుకుందాం. మీరు ఎనిమిది నిమిషాలతో మొదలుపెట్టండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కాస్త నొప్పిగా ఉన్న రోజు కూడా ఆ ఎనిమిది నిమిషాలు నడవండి, అవసరమైతే మధ్యలో ఆగి. హుషారుగా ఉన్న రోజు కూడా ఎనిమిది నిమిషాలకే ఇంటికి వచ్చేయండి. ఈ రెండోదే కష్టం. ఇంకాస్త నడవగలను కదా అని మనసు లాగుతుంది. అయినా రండి. వారం గడిచాక ఒకటి రెండు నిమిషాలు పెంచండి. ఇంటి పనులకూ ఇదే లెక్క. మంచి రోజున చేయకుండా వదిలేసిన పనే మర్నాడు మిమ్మల్ని లేపి నడిపిస్తుంది.

ఇక లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఓపిక కాస్త సులువవుతుంది. పైన చర్మం రెండు మూడు వారాల్లో మానిపోతుంది. చూసేవాళ్ళకు కనిపించేది అదే కాబట్టి 'ఇంకా తగ్గలేదా' అని అడుగుతారు. లోపల స్క్రూలు, రాడ్లు చేసేది తాత్కాలికంగా పట్టి ఉంచే పని. అసలు అతుకు మీ ఎముక వేసుకోవాలి. అది నెలల పని. ఆరు నెలలు పట్టవచ్చు, గట్టిపడడానికి ఏడాది కూడా పట్టవచ్చు. మూడో నెలలో ఉన్న మీరు వెనకబడిపోలేదు, దారి మధ్యలో ఉన్నారు. సిగరెట్, గుట్కా లాంటి అలవాటు ఉంటే మాత్రం ఇప్పుడే మానండి. నికోటిన్ ఎముక అతుక్కోవడానికి అడ్డుపడుతుంది. కొన్ని నొప్పి మాత్రల విషయంలోనూ ఆ అనుమానం ఉంది కాబట్టి పాత చీటీ చూసి మందులు కొనుక్కోకండి, సర్జన్‌ని అడిగి వాడండి.

తిమ్మిరి సంగతి వేరు. నలిగిన నరంలో తెగిన పోగులు ఉంటే అవి మళ్ళీ పెరగడం సుమారు రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. నడుము నుంచి పాదం దాకా ఎంత దూరమో మీరే లెక్క వేసుకోండి. సాధారణంగా ముందు కాలు నొప్పి తగ్గుతుంది, తర్వాత బలం వస్తుంది, అన్నిటికంటే ఆలస్యంగా తిమ్మిరి పోతుంది. ఆపరేషన్‌కు ముందు నరం చాలాకాలం నలిగి ఉంటే కొంత తిమ్మిరి మిగిలిపోవచ్చు కూడా. ఈ మాట దాచి మీకు ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు. పాదంలో కొంచెం తిమ్మిరితోనే ఉద్యోగాలు, సంసారాలు చక్కగా చేసుకుంటున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

సాయంత్రమయ్యేసరికి నడుము బరువెక్కడం, పట్టేసినట్టు ఉండడం చూసి కూడా మీ స్థితిలో ఉన్నవారు భయపడుతుంటారు. వెన్నెముకను అంటిపెట్టుకుని ఉండే చిన్న కండరాలు ఆపరేషన్‌కు ముందు నెలల తరబడి నొప్పితోనే బలహీనపడి ఉంటాయి. ఆపరేషన్‌లో వాటిని పక్కకు తప్పించి ఉంటారు. అవి త్వరగా అలసిపోతాయి. వాటికి బలం తెప్పించే పని ఫిజియోథెరపిస్టుది. ఇంకా వెళ్ళకపోతే సర్జన్‌ని అడిగి ఈ వారమే వెళ్ళండి. వీడియోలు చూసి వ్యాయామాలు చేయకండి. ఫ్యూజన్ అయినవారికి, కానివారికి ఒకే వ్యాయామం పనికిరాదు. ఎప్పుడు ఏది మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే.

ఏ నొప్పికి భయపడాలి, ఏ నొప్పికి అక్కర్లేదు అన్నది మాత్రం స్పష్టంగా తెలుసుకోండి. నడిచాక నడుములో పుట్టి, ఒక రోజులో మునుపటి స్థాయికి దిగిపోయే నొప్పి అలసట నొప్పి. మర్నాటికీ తగ్గకపోతే కాస్త ఎక్కువ చేశారని అర్థం, ఒక మెట్టు దిగండి. మూత్రం రాకపోయినా, ఆపుకోలేకపోయినా, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, కాలు ఉన్నట్టుండి బలహీనపడినా అది ఫోన్‌లో అడిగి తెలుసుకునే విషయం కాదు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా అంతే. జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము గానీ నీరు గానీ కారినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టండి. దీనికి ఒక లాభం ఉంది. ఆ కాగితంలో లేని ప్రతి నొప్పికీ ఇల్లంతా టెన్షన్ పడనక్కర్లేదు.

మీ తోడల్లుడికి జరిగింది ఏమిటో కనుక్కోండి. నెలకల్లా ఆఫీసుకు వెళ్ళారంటే బహుశా పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌లో జారిన ముక్కను మాత్రం తీసి ఉంటారు. అందులో అతుక్కోవాల్సిన ఎముక ఉండదు. రెండింటినీ 'వెన్ను ఆపరేషన్' అనే అంటాం గానీ కోలుకునే కాలంలో పోలికే లేదు. ఒకవేళ ఆయనకూ ఫ్యూజనే అయినా, వయసు, నరం ఎన్నాళ్ళు నలిగింది, చేసే పని, ఇవన్నీ మనిషికీ మనిషికీ మారతాయి. మిమ్మల్ని పోల్చుకోవాల్సింది నెల క్రితం మీతోనే. నిన్నటితో కూడా వద్దు, నిన్నటితో పోల్చుకుంటే సగం రోజులు ఓడిపోతారు.

మీ అమ్మగారిని తప్పు పట్టకండి. ఆవిడ వయసులో ఉన్నప్పుడు నడుము నొప్పి అంటే వారాల తరబడి మంచం దిగొద్దని డాక్టర్లే చెప్పేవారు. ఇప్పుడు ఆపరేషన్ అయిన మర్నాడే లేపి నడిపిస్తున్నారు. ఆ మార్పు ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు. వాదించి గెలవాలని చూడకుండా ఆవిడకు ఒక పని అప్పగించండి. మీరు నడిచేటప్పుడు గడియారం ఆవిడ చేతిలో ఉండాలి, ఎనిమిది నిమిషాలు కాగానే 'ఇక చాలు నాన్నా' అనే అధికారం ఆవిడదే. ఆపే హక్కు తన చేతిలో ఉంటే నడవడానికి అడ్డు చెప్పరు. మీ భార్య కోరుకున్న నడకా జరుగుతుంది.

ఇక ఆమె సంగతి. మూడు నెలలుగా ఆమె ఇద్దరి పని చేస్తోంది. మీ ఉత్తరంలో ఆమె గురించి ఉన్నది ఒక్క వాక్యం, 'నడవమంటుంది' అని. ఆమెకు నిద్ర సరిపోతోందో లేదో, మీకేమవుతుందోనన్న భయం ఆమెకు ఎంత ఉందో మీకు తెలుసా? నిలదీయడానికి అడగడం లేదు. నొప్పి మనిషిని తన చుట్టూనే తిప్పుకుంటుంది, అది ఎవరి విషయంలోనైనా జరిగేదే. కానీ అరుపు వెనక ఉన్నది కోపం కాదని మీకు తెలుసు, ఆమెకు తెలియదు. 'మళ్ళీ ఏదైనా అవుతుందేమోనని భయంగా ఉంది, నీ మీద పడి ఉన్నానని సిగ్గుగా ఉంది' అని ఒక్కసారి నోరు తెరిచి చెప్పండి. ఎదురెదురుగా కూర్చుని చెప్పడం కష్టమైతే సాయంత్రం నడకలో చెప్పండి. పక్కపక్కన నడిచేటప్పుడు మాట తేలిగ్గా వస్తుంది.

ఇంకొకటి. ఇంట్లో రోజుకు పదిసార్లు 'నొప్పెలా ఉంది' అని అడుగుతుంటే, జవాబు చెప్పడానికి మీరు పదిసార్లు నొప్పిని వెతుక్కోవాలి. రాత్రి ఒక్కసారే అడగమనండి. మిగతా రోజంతా కావాల్సింది ఉంటే మీరే చెబుతానని మాటివ్వండి, మాట నిలబెట్టుకోండి. పళ్ళు బిగించి ఓర్చుకుని, తర్వాత పేలిపోవడం కన్నా 'ఈ బకెట్ కాస్త పట్టుకో' అనడం అందరికీ మంచిది.

దండగ మనిషినన్న భావం మాటలతో పోదు, పనితో పోతుంది. వంగడం, బరువులెత్తడం, నడుము తిప్పడం ఇలాంటి ఆపరేషన్ తర్వాత కొంతకాలం వద్దంటారు. వాటిని తీసేసినా ఇంట్లో పని బోలెడు మిగులుతుంది. బిల్లులు కట్టడం, బ్యాంకు పనులు, ఫోన్లు, పాప చదువు, నడుమెత్తు బల్ల దగ్గర నిలబడి చేయగల ఏ పనైనా సరే. సాయం చేస్తానన్నట్టు కాదు, పూర్తిగా మీదిగా తీసుకోండి. ఆ పనిని మీ భార్య ఇక గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా ఉండాలి. ఆమెకు నిజమైన విశ్రాంతి అదే. పాపకు దాచకుండా చెప్పండి: 'నాన్న నడుము ఇంకా అతుక్కుంటోంది, ఎత్తుకోలేడు, నువ్వే ఎక్కి పక్కన కూర్చో.' పిల్లలకు కావాల్సింది నాన్న దగ్గర చోటు, ఎత్తు కాదు.

మీరు రాయలేదు గానీ చాలామంది మొహమాటపడి అడగని విషయం దాంపత్యం. కొన్ని వారాల తర్వాత, నడుము మీద భారం పడకుండా జాగ్రత్త పడితే చాలామందికి ఇబ్బంది ఉండదు. మీ విషయంలో ఎప్పుడన్నది సర్జన్‌ని సూటిగా అడగండి, ఆయనకు ఇది కొత్త ప్రశ్న కాదు. అడగకుండా ఊరుకుంటే ఒకరు నొప్పి పుడుతుందని, ఇంకొకరు ఇష్టం పోయిందని అనుకుంటూ దూరమవుతారు.

ఆఫీసు గురించి: కుర్చీలో కూర్చోవడం విశ్రాంతి అనుకోకండి. చాలామంది నడుములకు నడవడం కన్నా కూర్చోవడమే కష్టం. డాక్టర్ ఒప్పుకున్నాక మొదట సగం రోజుతో మొదలుపెట్టి, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేసే ఏర్పాటు చేసుకోండి. నోటితో అడిగితే బతిమాలినట్టు ఉంటుంది, సర్జన్ చేత రాయించుకుని ఇవ్వండి.

దిగులు రెండు వారాలకు మించి వదలకపోతే, నిద్ర పట్టకపోతే, దేని మీదా మనసు నిలవకపోతే సైకియాట్రిస్టును కలవండి. దిగులుంటే నొప్పి పెరుగుతుంది, నొప్పి వల్ల దిగులు పెరుగుతుంది, అందుకే రెండింటికీ కలిపి వైద్యం చేస్తారు. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందుల్ని నరాల నొప్పికి కూడా ఇస్తారు, కాబట్టి ఆ చీటీ చూసి కంగారుపడకండి. బతికి లాభం లేదన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా ఆ రోజే మీ భార్యకు, డాక్టర్‌కు చెప్పండి.

'మామూలు మనిషిని అవుతానా' అని అడిగారు. కాలు లాగడం తగ్గింది, ఎక్స్-రే బాగుంది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే నిరాశపడాల్సిన కారణం నాకు కనిపించలేదు. ఎంతవరకు, ఎప్పటికి అన్నది మాత్రం మిమ్మల్ని పరీక్షించే సర్జన్ చెప్పాలి. వచ్చే చెకప్‌కి మీ భార్యను కూడా గదిలోకి తీసుకెళ్ళండి. ఎముక ఎంతవరకు అతుక్కుంది, ఎన్ని కిలోల దాకా ఎత్తవచ్చు, బెల్టు ఎప్పుడు తీసేయాలి, బండి ఎప్పుడు నడపవచ్చు అన్నవి ముందే రాసుకుని వెళ్ళండి. జవాబులు ఆమెను రాసుకోమనండి. ఇంటికొచ్చాక అమ్మగారికి చదివి వినిపించేది కూడా ఆమే అయితే, నడవాలా పడుకోవాలా అన్న గొడవలో మీరు తీర్పు చెప్పాల్సిన పని ఉండదు.