ముప్పు హెచ్చరిక విన్నప్పటి నుంచి గుండె దడ: లండన్ ప్రయాణం మానుకోవాలా?

ప్రశ్న: నా వయసు 61. మాది అంబాజీపేట. పదేళ్లుగా బీపీ, సుగర్ ఉన్నాయి. ఉదయం ఆమ్లోడిపిన్, రెండు పూటలా మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను. లండన్‌లో ఉన్న మా అమ్మాయి పురుడు కోసం ఆరు వారాల్లో నేను, మావారు బయలుదేరాలి. అక్కడ ఉగ్రవాద ముప్పు ‘సివియర్’ స్థాయిలో ఉందని టీవీలో విన్నప్పటి నుంచి పొద్దుపోయే దాకా వార్తలే చూస్తున్నాను. రాత్రిళ్లు అన్నం సయించడం లేదు. తెల్లవారుజామున దడతో, చెమటలతో మెలకువ వస్తోంది. ఎదురింటివారు ఇచ్చిన, ఆందోళన తగ్గించే ఆల్ప్రాజొలం మాత్ర వేసుకోవచ్చా? ప్రయాణం మానుకోమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో ఉగ్రవాదం కంటే ముందు నా దృష్టిని ఆపినది ‘అన్నం సయించడం లేదు’ అన్న మాట. గ్లిమెపిరైడ్ అనేది మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయించే మందు కాబట్టి, రాత్రి మాత్ర వేసుకుని భోజనం మానేస్తే తెల్లవారుజామున సుగర్ బాగా పడిపోయి, సరిగ్గా మీరు చెప్పినట్టే దడ, చెమటలు, వణుకు రావచ్చు. ఈసారి అలా మెలకువ వచ్చినప్పుడు గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి. సుగర్ సరిగానే ఉంటే అది ఆందోళన వల్ల కావచ్చు, కానీ ఆ మాట అనుకునే ముందు ఒకసారి ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోవాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం ఉంటే మాత్రం అది భయమా, గుండె జబ్బా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఎదురింటివారి ఆల్ప్రాజొలం వారికే తిరిగి ఇచ్చేయండి. అరవై దాటినవారిలో అది మత్తు, తడబాటు, మతిమరుపు తెస్తుంది, రాత్రి లేచినప్పుడు పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నవారిని మేము చూస్తూనే ఉంటాము. పైగా అలవాటు పడిపోయే మందు. బ్రిటన్‌లో అది నియంత్రిత మందుల జాబితాలో ఉంది కనుక, మీ పేరున చీటీ లేకుండా వెంట తీసుకువెళ్లడం మరో చిక్కు.

ఇక హెచ్చరిక సంగతి. గోదావరి ఒడ్డున పుట్టిన మీకు హెచ్చరికలు కొత్త కాదు. ధవళేశ్వరం వద్ద నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మొదటి హెచ్చరిక వినగానే లంకల్లోని వారు ఊరు వదిలి పారిపోరు, పశువులను గట్టుకు తోలుకుంటారు, బియ్యం అటకెక్కిస్తారు, పడవ ఏ రేవులో ఉందో కనుక్కుంటారు. నా చిన్నతనంలో వరద రోజుల్లో మా తాతగారు రేవు మెట్ల మీద నీటి అంచున ఒక కందిపుల్ల గుచ్చి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి చూసి వచ్చేవారు. గంట గంటకూ వెళ్లి చూడటం ఆయనకు అలవాటు లేదు, చూసినంత మాత్రాన ఏరు తగ్గదు కదా.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. వరద మట్టం కొలిచి చెప్పేది. బ్రిటన్ ముప్పు స్థాయి నిఘా సమాచారాన్ని బట్టి వేసే అంచనా. అందులో అయిదు మెట్లున్నాయి, ‘సివియర్’ నాలుగవది, దాడి జరిగే అవకాశం చాలా ఎక్కువని దాని అర్థం. అది వరదలా నాలుగు రోజుల్లో తీయదు. 2014 ఆగస్టు నుంచి 2019 నవంబరు దాకా ఆ దేశం ఇదే స్థాయిలో ఉంది, 2017లో మాత్రం రెండుసార్లు కొద్దిరోజుల పాటు ఆ పై మెట్టు ఎక్కింది. ఆ అయిదేళ్లలోనూ అక్కడి ఆడపిల్లలకు పురుళ్లు జరిగాయి, ఇక్కడి నుంచి తల్లులు వెళ్లి వచ్చారు. కాబట్టి ఆ ఒక్క మాట విని ప్రయాణం మానుకోమని నేను చెప్పను. మన విదేశాంగ శాఖ వెళ్లవద్దని ప్రకటిస్తే అప్పుడు వాయిదా వేసుకోండి.

టీవీ విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. 2013లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, ఆ వారమంతా రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలు చూసినవారిలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు, పేలుళ్ల చోట స్వయంగా ఉన్నవారిలో కంటే ఎక్కువగా కనిపించాయి. తాతగారి కందిపుల్లలా ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చూడండి, రాత్రి భోజనం తర్వాత అసలు వద్దు. దడ మొదలైతే వీధి అరుగు మీద కూర్చుని, పొట్ట మీద అరచేయి పెట్టుకుని, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. చేయి పైకి లేస్తే సరిగ్గా పీలుస్తున్నట్టు. భయం వల్ల వచ్చే దడ సాధారణంగా పది నిమిషాల్లో పరాకాష్ఠకు చేరి, అరగంటలోపు దిగిపోతుంది.

ప్రయాణంలో మందులన్నీ చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. పెట్టె అడుగున పూతరేకుల డబ్బాల మధ్య సర్దితే, ఆ పెట్టె ఆలస్యమైన రోజున మీకు మాత్ర దొరకదు. చీటీ మీద కంపెనీ పేర్లు కాకుండా మందు అసలు పేర్లు రాయించుకోండి. విమానంలో మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి మడమలు ఆడించండి, వీలైనప్పుడు నడవండి. సుగర్ మాత్రను గడియారం చూసి కాక, భోజనం ముందుకు వచ్చాకే వేసుకోండి. బీపీ మాత్ర ఒక రోజు నాలుగైదు గంటలు అటూఇటూ అయినా ప్రమాదం లేదు. బీమా తీసుకునేటప్పుడు బీపీ, సుగర్ దాచవద్దు, ఉగ్రవాద ఘటనలకు అది వర్తిస్తుందో లేదో అడగండి.

దాడి జరిగితే ఏం చేయాలో అక్కడి పోలీసులు చెప్పే సూత్రం మూడు మాటలు: పరుగెత్తండి, దాక్కోండి, చెప్పండి. వస్తువుల కోసం ఆగకూడదు. దాక్కున్నప్పుడు ఫోను మోగకుండా చేసుకోవాలి, క్షేమంగా ఉన్న చోటికి చేరాకే 999కి ఫోన్ చేయాలి. ఇంగ్లీషు తడబడుతుందనుకుంటే అమ్మాయి చిరునామా, ఫోను నంబరు, మీ మందుల పేర్లు ఒక అట్టముక్క మీద రాయించుకుని చీర కొంగులో కాదు, పర్సులో పెట్టుకోండి. జనం ఎక్కువగా ఉండే చోటికి వెళ్లినప్పుడు విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో మీరిద్దరూ ముందే అనుకోండి.

వచ్చే రెండు వారాలు రాత్రి భోజనం మానకుండా, మెలకువ వచ్చినప్పుడల్లా సుగర్ అంకెను తేదీతో రాసిపెట్టుకుని, ఈసీజీతో పాటు మీ వైద్యునికి చూపించండి. అంకె తక్కువగా వస్తుంటే గ్లిమెపిరైడ్ మోతాదును ఆయన బయలుదేరక ముందే తగ్గించాల్సి ఉంటుంది.