కుక్క మోకాలి ఆపరేషన్: ఎడిసన్‌లో ఒక రేటు, కొలంబస్‌లో ఇంకో రేటు ఎందుకు?

ప్రశ్న: మా ఆరేళ్ల లాబ్రడార్‌కి వెనక కాలి మోకాలి లిగమెంట్ తెగింది. న్యూజెర్సీలో మా ఊరు ఎడిసన్ దగ్గర స్పెషలిస్టు 7,200 డాలర్లు అవుతుందన్నారు. ఒహాయోలోని కొలంబస్‌లో మా బావమరిది వాళ్లు ఇదే ఆపరేషన్ 4,100కి చేయించారట. కొత్తవాళ్లమని మమ్మల్ని బాదుతున్నారా?

జవాబు: బాదుడని ఇప్పుడే తేల్చెయ్యకండి. ముందు ఆ రెండూ ఒకే ఆపరేషనో కాదో చూడండి.

అమెరికాలో పశువైద్యానికి ప్రభుత్వం కట్టిన ధరల పట్టీ లేదు. జర్మనీలో ఉంది. అక్కడ ప్రతి పనికీ ఒక మూల ధర, అవసరాన్ని బట్టి దానికి మూడు రెట్ల దాకా, వేళకాని వేళ ఎమర్జెన్సీ అయితే నాలుగు రెట్ల దాకా అని చట్టమే చెప్తుంది. 2022 నవంబరులో దాన్ని సవరించారు. ఇక్కడ మాత్రం ఏ క్లినిక్ రేటు ఆ క్లినిక్‌దే. ఊళ్లో ప్రభుత్వ పశువైద్యశాలకి అలవాటుపడ్డవాళ్లకి ఇది మింగుడుపడదు. అక్కడ సర్కారు మోసే ఖర్చంతా ఇక్కడ మీ బిల్లులోకే వస్తుంది: బిల్డింగ్ అద్దె, మత్తు మెషీను, నర్సు జీతం, డాక్టరు చదువు అప్పు.

ఊరూరికీ తేడా తెచ్చేవాటిలో మొదటిది మనుషుల ఖర్చు. మోకాలి ఆపరేషన్‌కి సర్జన్ ఒక్కరే చాలరు. మత్తు చూసుకోవడానికి ఒక టెక్నీషియన్, చేతికి అందించడానికి ఇంకొకరు, రాత్రి కాపలాకి మరొకరు కావాలి. న్యూజెర్సీలో ఇంటద్దెలు ఎలా ఉన్నాయో మీకే తెలుసు, వీళ్లంతా ఆ అద్దెలు కట్టి బతకాల్సినవాళ్లే. పైగా టెక్నీషియన్ ఏ పని చెయ్యొచ్చో రాష్ట్రాల వారీ చట్టాలు వేరు. కాలిఫోర్నియాలో మత్తు ఎక్కించడం లాంటి పనులు రిజిస్టర్డ్ టెక్నీషియన్లకే పరిమితం, వాళ్ల జీతమూ ఎక్కువే.

రెండోది, అసలైనది: కత్తి ఎవరి చేతిలో ఉంది? బోర్డ్ సర్టిఫైడ్ సర్జన్ అంటే వెటర్నరీ డిగ్రీ తర్వాత ఇంటర్న్‌షిప్, ఆపైన మూడేళ్ల రెసిడెన్సీ చేసినవాళ్లు. పెద్ద నగరాల చుట్టుపక్కల మామూలు వెట్ ఇలాంటి కేసుల్ని వాళ్లకే పంపేస్తారు. చిన్న ఊళ్లలో స్పెషలిస్టు దగ్గర్లో ఉండరు కాబట్టి అదే వెట్ నేర్చుకుని తానే చేస్తారు. కాబట్టి రేటు తగ్గుతుంది. చెయ్యి తిరిగినవాళ్లయితే బాగానే చేస్తారు. "ఇలాంటివి నెలకి ఎన్ని చేస్తారు?" అని మొహమాటం లేకుండా అడగండి.

ఇక ఆపరేషన్ పేరు. లిగమెంట్ తెగితే ఎక్కువగా చేసేవి రెండు. ఒకటి, కీలు బయట నుంచి మందపాటి నైలాన్ దారంతో బిగించడం. సుమారు 15 కిలోల లోపు కుక్కలకి నప్పుతుంది, చవక. రెండోది టీపీఎల్ఓ. పిక్క ఎముక పై భాగాన్ని గుండ్రటి రంపంతో కోసి, వాలు తగ్గేలా తిప్పి, ప్లేటూ స్క్రూలూ వేస్తారు. 30 కిలోల లాబ్రడార్‌కి సాధారణంగా చెప్పేది ఇదే. దారం వేసిన 4,100తో ప్లేటు వేసే 7,200ని పోలిస్తే లెక్క కుదరదు. టీపీఎల్ఓ ఒక్కటే తీసుకున్నా, చవక ప్రాంతాల్లో సుమారు 3,500 నుంచి 5,000, తీర నగరాల్లో 6,000 నుంచి 8,000 దాకా వినిపిస్తుంది.

అందుకే ఫోన్‌లో చెప్పిన అంకెతో తృప్తిపడకండి. ఐటమ్ వారీగా రాసిన ఎస్టిమేట్ ఈమెయిల్ చెయ్యమనండి. ముందు రక్త పరీక్ష, ఎక్స్‌రేలు, మత్తు, ప్లేటు, రాత్రి ఉంచడం, ఇంటికిచ్చే మందులు, ఎనిమిది వారాల తర్వాత ఎముక అతికిందో లేదో చూసే ఎక్స్‌రే, దానికిచ్చే మత్తుమందు అందులో ఉన్నాయో లేదో చూడండి. చవక కోట్‌లో ఆ చివరి ఎక్స్‌రే తరచుగా ఉండదు. ప్లేటు దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చి ప్లేటు తీసెయ్యాల్సి వస్తే, లేదా కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ తర్వాత చిరిగితే రెండో ఆపరేషన్ ఖర్చెవరిదో కూడా ముందే అడగాలి.

తమ పనిముట్లు తెచ్చుకుని మామూలు క్లినిక్‌కే వచ్చి ఆపరేషన్ చేసి వెళ్లే సర్జన్లు కూడా ఉన్నారు. సొంత ఆస్పత్రి ఖర్చు లేదు కాబట్టి రేటు తక్కువే. అయితే ఆ క్లినిక్‌లో రాత్రి మనిషి ఉంటారా, తాళం వేసుకుని వెళ్లిపోతారా? ఈ మాట అడగందే డిపాజిట్ కట్టొద్దు.

కొలంబస్ దాకా పోవడం మాత్రం దండగ. ఎనిమిది గంటల పైన డ్రైవ్, ఆపరేషన్ అయిన కాలితో వెనక సీట్లో కుక్క. గంటా గంటన్నర దూరంలో ఉన్న పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్ వైపు కూడా రెండు కోట్స్ తీసుకోండి. కుట్లు మీ దగ్గరి వెట్ తీస్తారు, ఎక్స్‌రే కూడా వాళ్లే తీసి సర్జన్‌కి పంపుతారు. దానికి ఇద్దరూ ఒప్పుకోవాలి, అంతే. యూనివర్సిటీ ఆస్పత్రులు తప్పకుండా చవకని అంటుంటారు గానీ ఫిలడెల్ఫియాలాంటి నగరంలో ఉన్నదానికి ఆ నగరం ఖర్చులే ఉంటాయి. అక్కడ ధర కన్నా నైపుణ్యం కోసం వెళ్లాలి.

ఇదంతా ఆగగలిగిన ఆపరేషన్‌కే. మామిడి టెంక మింగి వాంతులు చేసుకుంటున్న కుక్కని పెట్టుకుని కోట్స్ అడగకూడదు. పేగు చిల్లు పడకముందు కోసి తీస్తే ఒక బిల్లు, చిల్లు పడ్డాక పేగు ముక్క తీసి అతికించాల్సి వస్తే దానికన్నా చాలా ఎక్కువ బిల్లు, బతుకుతుందన్న నమ్మకమూ తక్కువ. రాత్రి ఎమర్జెన్సీలో ఎస్టిమేట్‌లో పెద్ద భాగం ముందే కట్టమంటారు.

ఇన్సూరెన్స్ ఇప్పుడు తీసుకున్నా ఈ కాలికి పనికిరాదు, ముందే ఉన్న జబ్బు కింద కొట్టేస్తారు. చాలా పాలసీల్లో ఒక మోకాలు పోయుంటే రెండో మోకాలికీ కవర్ ఉండదు. రెండో కాలూ పోయే కుక్కలు తక్కువేం కాదు కాబట్టి ఇది చిన్న విషయం అనుకోకండి. ప్రీమియం జిప్ కోడ్‌ని బట్టి మారుతుంది. కుక్కపిల్లగా ఉన్నప్పుడే తీసుకునేవాళ్లు లిగమెంట్‌కి వెయిటింగ్ పీరియడ్ ఎంతో చూసుకోవాలి, కొన్నిటిలో ఆరు నెలలు.

కేర్‌క్రెడిట్ లాంటి, వైద్యం బిల్లులకి వాడే క్రెడిట్ కార్డులిచ్చే "వడ్డీ లేని వాయిదాలు" జాగ్రత్తగా చదవండి. గడువులోపు పూర్తిగా తీర్చకపోతే మొదటి రోజు నుంచీ వడ్డీ వేస్తారు, అదీ ముప్పై శాతం పైనే. క్రెడిట్ హిస్టరీ లేని కొత్తవాళ్లకి అసలు దొరకడమే కష్టం.

మందుల్లో కొంత మిగుల్చుకోవచ్చు. గాబాపెంటిన్ లాంటి నొప్పి మందులు ప్రిస్క్రిప్షన్ రాయించుకుని కాస్ట్‌కో ఫార్మసీలో కొంటే చవక. బిళ్లలో క్యాప్సూల్సో తీసుకోండి. మనుషులకమ్మే గాబాపెంటిన్ ద్రవంలో తీపి కోసం కలిపే జైలిటాల్ ఉండొచ్చు, అది కుక్కకి విషం. సూట్‌కేసులో తెచ్చుకున్న డోలో, బ్రూఫెన్ కూడా దాని దరిదాపుల్లో ఉంచకండి.