పెయిన్‌స్టేకింగ్ అంటే బాధాకరమైనదని కాదు

‘పెయిన్‌స్టేకింగ్ రీసెర్చ్’ అన్న మాటను ‘బాధాకరమైన పరిశోధన’ అని అనువదిస్తే సంపాదకులు కొట్టేశారని, కారణం తెలియడం లేదని మీరు రాశారు. సంపాదకులు చేసిన దిద్దుబాటు సరైనదే. ఈ మాటను విడదీయడంలోనే పొరపాటు జరుగుతుంది. ఇది ‘పెయిన్’, ‘స్టేకింగ్’ కలిసి ఏర్పడినది కాదు. ‘పెయిన్స్’, ‘టేకింగ్’ కలిసి ఏర్పడినది. మధ్యనున్న ‘ఎస్’ మొదటి మాటకు చెందినది కనుకనే బ్రిటిష్ ఉచ్చారణలో అది ‘జ్’లా పలుకుతుంది. ‘టేక్ పెయిన్స్’ అన్న పలుకుబడిలో పెయిన్స్ అంటే నొప్పి కాదు, శ్రమ. కాబట్టి శ్రమకోర్చి, చిన్న వివరాన్ని కూడా వదలకుండా చేసే పనికే ఈ విశేషణం తగుతుంది.

పోచంపల్లి ఇక్కత్ నేతను తలచుకోండి. నేయబోయే బొమ్మ ఎక్కడ పడాలో ముందే లెక్కగట్టి, నూలుపోగులకు కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి మరో రంగులో ముంచుతారు. ఒక కట్టు జరిగినా బొమ్మ అంచు చెదురుతుంది. ఆ పనిని పెయిన్‌స్టేకింగ్ అనడం ఎంతో సముచితం, పెయిన్‌ఫుల్ అంటే మాత్రం అర్థమే మారిపోతుంది.

మీ వాక్యానికి ‘ఎంతో శ్రమకోర్చి చేసిన పరిశోధన’ అన్నది నాకు నచ్చిన అనువాదం. ‘కష్టమైన’ అంటే చాలదు, ఎందుకంటే బరువులు మోయడమూ కష్టమే గానీ అందులో ఈ నిశితమైన శ్రద్ధ ఉండనక్కరలేదు. క్రియకు ముందు ‘పెయిన్‌స్టేకింగ్‌లీ’ వచ్చినప్పుడు ‘ఓపికగా, జాగ్రత్తగా’ అని రాయవచ్చు.