పాత ఎయిర్ రైఫిల్‌కి నూనె పోశాక పొగ వస్తోంది, బాగైనట్టేనా?

ప్రశ్న: మా పెదనాన్న వాడిన పాత ఎయిర్ రైఫిల్ నా చేతికొచ్చింది. గొట్టాన్ని కిందికి వంచి స్ప్రింగ్ ఎక్కించే రకం. షెడ్డులో ఎలుకల బెడద ఎక్కువైందని తీసి చూస్తే దెబ్బలో పస లేదు. కుట్టుమిషను నూనె పోస్తే ఇప్పుడు పెద్ద చప్పుడు, పొగ. బాగైనట్టేనా?

జవాబు: లేదండీ, ఇంకా పాడవుతోంది. పిస్టన్ విసురుగా వచ్చి గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికి మీరు పోసిన నూనె అంటుకుంటోంది, అచ్చం డీజిల్ ఇంజన్‌లోలాగే. అందుకే దీన్ని డీజిలింగ్ అంటారు. ఇలాగే కొనసాగితే గాలి బయటికి పోకుండా ఆపే సీలు, స్ప్రింగు రెండూ దెబ్బతింటాయి కాబట్టి ఆ నూనె ఇక వద్దు.

ముందు గాలి లీకు ఎక్కడో చూడండి. గొట్టం వచ్చి మూసుకునే అతుకు మీద టిష్యూ ముక్క పెట్టి, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) వేసి, గురి వెనక దాన్ని ఆపేసే అడ్డం ఉన్న చోట, కాంక్రీటు గోడ కాకుండా, కాల్చండి. ముక్క ఎగిరిందంటే ఆ అతుకు దగ్గరి సీలు పోయినట్టు, అది మార్చడం తేలిక. ఎగరకపోతే లోపలి పిస్టన్ సీలునో, అలసిపోయిన స్ప్రింగునో అనుమానించాలి. పాతవాటిలో చాలావరకు పిస్టన్ సీలు తోలుదే, ఏళ్ల తరబడి వాడకపోతే ఎండిపోతుంది, ఎయిర్‌గన్ల కోసమే అమ్మే సిలికాన్ నూనె రెండు మూడు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేస్తే చాలాసార్లు తేరుకుంటుంది. ప్లాస్టిక్ సీలైతే నూనె జోలికే పోవద్దు.

విప్పే పని మాత్రం తెలిసినవాళ్లకే ఇవ్వండి, ఎక్కించకపోయినా స్ప్రింగు లోపల నొక్కుకునే ఉంటుంది, దాన్ని నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ అనే పనిముట్టు లేకుండా విప్పితే ఎగిరొచ్చి మొహానికి తగలొచ్చు. పనిలో పనిగా గట్టి స్ప్రింగు వేయిద్దామని కూడా అనుకోవద్దు, కుదుపు పెరిగి గురి చెడుతుంది, పైగా చట్టం ఒప్పుకునే శక్తి దాటిపోవచ్చు.

పెల్లెట్ లేకుండా ఉత్తినే కాల్చొద్దు, గాలి అడ్డు లేక పిస్టన్ వెళ్లి సిలిండర్ చివరి గోడకి కొట్టుకుంటుంది. పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకోండి, పాత ట్రిగ్గర్ జారితే వేళ్లు నలిగిపోతాయి.

ఇక ఎలుకల సంగతి. మీ రైఫిల్ పెల్లెట్ సైజు 4.5 మిల్లీమీటర్లైనా 5.5 అయినా, మీరు కాల్చబోయే దూరంలో కాగితం మీద వరసగా చిన్న నాణెమంత చోటులో పడేదాకా ఎలుక మీద వాడకండి. పస లేని తుపాకీ చంపదు, గాయపరిచి వదులుతుంది, ఆ ఎలుక ఏ మూలనో బాధపడుతూ చస్తుంది. కాంక్రీటు గోడకేసి అసలు కాల్చొద్దు, పెల్లెట్ తిరిగొస్తుంది. చచ్చినవాటిని కుక్కలకీ పిల్లులకీ అందనీయకండి, లోపల సీసం ఉంటుంది.