రాజీ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, జీతం నెలకు 62,000. 11 రోజుల కిందట సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక కారు మెల్లగా వచ్చి గుద్దింది. బంపర్ మార్చడానికి 18,000 ఎస్టిమేట్ ఇచ్చారు. నాకు మర్నాడు పొద్దున మెడ పట్టేసింది. ఎక్స్‌రే నార్మల్. 15 సిట్టింగులు ఫిజియోథెరపీ రాశారు. 9 రోజులు సెలవు పెడితే అందులో 4 లాస్ ఆఫ్ పే. అవతలాయన 25,000 ఇస్తాను, ఇకపై ఏ క్లెయిమూ చేయనని రాసివ్వమంటున్నారు. పోలీసు కంప్లయింట్ ఇవ్వలేదు. ఆ డబ్బు తీసుకోనా, నా ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేయనా?

జవాబు: ఆ కాగితం మీద ఈ వారం సంతకం పెట్టకండి. 25,000 ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి మాట. మీకు ఎంత ఖర్చవుతుందో మీకే ఇంకా తెలియదు.

వెనక నుంచి దెబ్బ తగిలినప్పుడు సీటు మన ఒంటిని ముందుకు తోస్తుంది, తల ఒక్క క్షణం వెనకే ఉండిపోయి ఆ తర్వాత ముందుకు ఊగుతుంది. మెడ కండరాలు, లిగమెంట్లు సాగేది అప్పుడే. వాపు, బిగుతు పెరగడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు పడుతుంది. ఎక్స్‌రే ఎముకలు విరగలేదని చెబుతుంది గానీ కండరం సంగతి చెప్పదు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, కొందరికి మాత్రం 3 నెలలు దాటినా నొప్పి మిగులుతుంది. చేతుల్లోకి తిమ్మిరి పాకినా, పట్టు తగ్గినా డబ్బు లెక్కలు పక్కనపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇప్పటికి తేలిన లెక్క చూద్దాం. ధరలు నేను ఊహించి వేసినవి, మీ బిల్లులు పెట్టి సరిచూసుకోండి. ఫిజియో సిట్టింగ్‌కు 600 చొప్పున 9,000. కన్సల్టేషన్, ఎక్స్‌రే, మందులు కలిపి 3,700. రానుపోను ఆటోలు 3,000. నాలుగు రోజుల జీతం సుమారు 8,300. మొత్తం 24,000. దీనికి బంపర్ 18,000 కలిపితే 42,000. అంటే అంతా అనుకున్నట్టే నయమైనా ఆయన ఇస్తానన్న దానిలో 17,000 తక్కువ. వాడేసిన మిగతా 5 సెలవులకూ విలువ ఉంది, మాట్లాడేటప్పుడు అదీ అడగండి.

హెల్త్ పాలసీని మాత్రం నమ్ముకోకండి. 24 గంటల అడ్మిషన్ లేకుండా చేయించుకున్న ఫిజియోథెరపీని మామూలు పాలసీలు చెల్లించవు. ఓపీడీ కవర్ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి ఇచ్చేది) ఉంటే వేరే మాట. క్లెయిమ్ కోసమని ఆస్పత్రిలో చేరమని ఎవరైనా చెబితే వినకండి. అవసరం లేని అడ్మిషన్ అని తిప్పికొడితే ఆ బిల్లు కూడా మీ మీదే పడుతుంది. కారుతో వచ్చే 15 లక్షల ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికే గానీ మెడ బెణుకుకు పనికిరాదు.

ఇక బంపర్. సొంత పాలసీలో క్లెయిమ్ చేస్తే ఏమవుతుందో అంకెల్లో చూడండి. ఎస్టిమేట్‌లో బంపర్ 11,000, పెయింటింగ్ 5,000, లేబర్ 2,000 అనుకుందాం. జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల కింద కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్ భాగానికి సగమే, 5,500 ఇస్తారు. పెయింటింగ్‌లో 625 కోస్తారు. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత 1,000. చేతికొచ్చేది 10,875. మరి పోయేది? మీ ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టానికి కట్టే) ప్రీమియం 9,000, ప్రస్తుత ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 35 శాతం అయితే వచ్చే ఏడాది 45 శాతం రావాల్సింది సున్నా అవుతుంది. మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరేలోపు ఐదేళ్లలో మీరు అదనంగా కట్టేది 10,800. జీఎస్టీ దీనికి అదనం. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం కొంచెం తక్కువే ఉంటుంది గానీ, ఈ క్లెయిమ్ వల్ల మీకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. జీరో డిప్రిసియేషన్ ఉంటే 17,000 వరకు వస్తాయి, అప్పుడు చేయండి. అవతలాయన బంపర్ డబ్బు ఇస్తే ఆ అవసరమూ ఉండదు.

అందుకే రెండు విషయాలనూ విడదీయండి. "కారు బంపర్ రిపేరు నిమిత్తం 18,000 ముట్టినవి. శారీరక గాయాల వైద్య ఖర్చులకు దీనితో సంబంధం లేదు" అని రసీదు రాసి, తేదీ, రెండు కార్ల నంబర్లు వేసి ఇవ్వండి. ఒంటి దెబ్బ సంగతి చికిత్స ముగిశాక మాట్లాడదామనండి.

ఈలోగా రెండు పనులు చేయండి. మొదటిది, డాక్టర్ చీటీ తీసి చూడండి. చాలా చీటీల మీద "మెడనొప్పి, 3 రోజులు" అని మాత్రమే ఉంటుంది, ఆ నొప్పికి ప్రమాదానికి ముడి అక్కడే తెగిపోతుంది. ఏ తేదీన వెనక నుంచి కారు గుద్దింది, నొప్పి ఎప్పుడు మొదలైంది, మెడ ఎంతవరకు తిరుగుతోంది అన్నవి కేస్ షీట్‌లో రాయమనండి. ఉన్నదే రాయించండి, ఒక్క మాట కూడా పెంచకండి. రెండోది, స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చి, ఆలస్యానికి కారణం అందులోనే రాయండి. ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. అవతలాయన కారు ఇన్సూరెన్స్ కాపీ ఫొటో కూడా తీసుకోండి.

ఫిజియోకు 15 సిట్టింగుల ప్యాకేజీ ముందే కట్టకండి, ఏ రోజుకారోజు కట్టి రసీదు తీసుకోండి. మెషీన్ పెట్టి పడుకోబెట్టడంతో సరిపెడుతుంటే, ఇంట్లో చేసుకునే వ్యాయామాలు నేర్పమని అడగండి. ఈ ఖర్చును క్రెడిట్ కార్డు ఈఎంఐగా మార్చొద్దు, అత్యవసర నిధి ఉన్నదే ఇందుకు.

ఆరు వారాల్లో నయమైతే అసలు ఖర్చు చూపించి ఆయనతోనే తేల్చుకోండి. ఇంత చిన్న మొత్తానికి ట్రిబ్యునల్ చుట్టూ తిరిగితే వకీలు ఫీజు, పోయే రోజులు కలిసి లాభాన్ని తినేస్తాయి. 3 నెలలు దాటినా నొప్పి ఉంటే, ఎమ్మారై, ఇంజెక్షన్ల దాకా వెళ్తే అప్పుడు ఆయన థర్డ్ పార్టీ బీమా మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లండి. మీరు నివసించే చోటే వేయొచ్చు, దానివల్ల మీ ఎన్‌సీబీ పోదు. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో గడువు ప్రమాద తేదీ నుంచి 6 నెలలు. ఈ గడువు మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి, అయినా మీరు ఆ వాదనలను నమ్ముకోవద్దు. ఐదో నెల మొదటి తారీఖుకు ఫోన్‌లో ఇప్పుడే రిమైండర్ పెట్టండి.