పంచాయతీ నిధులను పైవాళ్లు సర్దుబాటు చేసుకుంటే కోర్టుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: నేను ఒక చిన్న గ్రామ పంచాయతీకి సర్పంచ్‌ని. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు మా ఖాతాలో పడ్డాయి. మురుగు కాల్వ పని చేయిద్దామని తీర్మానం కూడా చేసుకున్నాం. ఇంతలో ఆ సొమ్ములో ఎక్కువ భాగాన్ని పాత కరెంటు బకాయిల కింద విద్యుత్ పంపిణీ సంస్థకు సర్దుబాటు చేశామని పైనుంచి కబురు వచ్చింది. మమ్మల్ని ఒక్క మాట కూడా అడగలేదు. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు 29 అధికారాలు ఇచ్చిందని శిక్షణలో చెప్పారు. మరి అవి ఏమైనట్టు? పంచాయతీ తన ప్రభుత్వం మీదే కేసు వేయవచ్చా?

జవాబు: సర్పంచ్ గారూ, వేయవచ్చు. కానీ 29 అధికారాల వాదనతో వెళితే మాత్రం నిలబడలేరు. ఆ మాట ఎందుకంటున్నానో ముందు చెబుతాను. ఎన్నో పంచాయతీలు న్యాయం తమ వైపు ఉండి కూడా తప్పుడు వాదన ఎంచుకుని నష్టపోతున్నాయి.

రాజ్యాంగంలోని 243-జి అధికరణను నిదానంగా చదవండి. పంచాయతీలు స్వపరిపాలన సంస్థలుగా పనిచేయడానికి అవసరమైన అధికారాలను రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ‘ఇవ్వవచ్చు’ అని ఉంది. ‘ఇవ్వాలి’ అని లేదు. చిన్న నీటిపారుదల, తాగునీరు, రోడ్లు, ప్రాథమిక విద్య వంటి 29 అంశాలతో ఉన్న పదకొండో షెడ్యూల్, అలా ఇవ్వదగిన వాటి పట్టిక మాత్రమే. ఆ సవరణ అమల్లోకి వచ్చిన 1993 ఏప్రిల్ 24న అందులో ఏ ఒక్కటీ తనంతట తాను గ్రామానికి దఖలు పడలేదు. ఏది ఇచ్చారో, ఎంత ఇచ్చారో మీ రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టంలోనే వెతకాలి. కేంద్రం తలచుకున్నా నేరుగా ఇచ్చే వీలు లేదు. స్థానిక ప్రభుత్వం అనేది ఏడో షెడ్యూల్‌లోని రాష్ట్ర జాబితాలో 5వ అంశం.

గ్రామానికి ఇలా అరకొరగా ఇవ్వడం మొదటినుంచీ ఉన్నదే. రాజ్యాంగ ముసాయిదాలో గ్రామ పంచాయతీల ప్రస్తావనే లేదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభ సభ్యుడు కె. సంతానం ప్రతిపాదించిన సవరణ వల్ల, గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేయాలనే 40వ అధికరణ వచ్చింది. అదైనా ఆదేశిక సూత్రాల్లో చేరింది కాబట్టి, అమలు చేయించమని కోర్టును అడగడానికి లేకపోయింది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇవ్వాలని తెచ్చిన 64వ సవరణ బిల్లు 1989లో రాజ్యసభలో వీగిపోయింది. రాష్ట్రాలను దాటి కేంద్రం నేరుగా గ్రామాలతో లావాదేవీ పెట్టుకోవాలని చూస్తోందన్నది అప్పటి ప్రధాన ఆక్షేపణ. ఢిల్లీ నుంచి అధికారం రావాలని గట్టిగా అడిగిన రాష్ట్రాలే, తమ చేతిలోది గ్రామానికి వదలమంటే వెనకాడటం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. ఇదే రాజ్యాంగం కింద, ఇదే 243-జి కింద కేరళ 1996లో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు కేటాయించాలని నిర్ణయించింది. ‘వచ్చు’ అన్నచోట ఇవ్వడానికి ఎవరూ అడ్డుపడరు. ఇవ్వకపోతే మాత్రం అడిగే హక్కు మనకు లేదు.

అయితే రాజ్యాంగంలో పంచాయతీల గురించిన ఆ భాగంలోనే ‘చేసి తీరాలి’ అన్న చోట్లు కూడా ఉన్నాయి. కోర్టులో మన బలం అక్కడే. పంచాయతీ పదవీకాలం అయిదేళ్లు, అది ముగిసేలోపు ఎన్నికలు పూర్తికావాలి (243-ఇ). అయిదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని నియమించాలి (243-ఐ). ఎన్నికల బాధ్యత రాష్ట్ర ఎన్నికల సంఘానిది (243-కె). అహ్మదాబాద్ నగరపాలక సంస్థ విషయంలో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇదే చెప్పింది: గడువులోగా ఎన్నికలు జరపాల్సిందే, ప్రభుత్వం సహకరించకపోతే ఎన్నికల సంఘం హైకోర్టుకు వెళ్లవచ్చు.

ఇక మీ డబ్బు సంగతి. పంచాయతీల వనరులకు తోడుగా రాష్ట్ర ఖజానాను బలపరిచే చర్యలు సూచించడం 280వ అధికరణ కింద కేంద్ర ఆర్థిక సంఘం విధి. సొమ్ము రాష్ట్రం చేతి మీదుగా వస్తుంది, కానీ షరతులతో వస్తుంది. మీది ఏ సంవత్సరపు వాయిదానో రాయలేదు. 2021-26 కాలపు 15వ ఆర్థిక సంఘం నిధులే అయితే, అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టుబడిన టైడ్ నిధులు. మిగిలిన 40 శాతం అన్‌టైడ్ నిధులను జీతాలకు, కార్యాలయ ఖర్చులకు తప్ప గ్రామం తన అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. కేంద్రం నుంచి అందిన సొమ్మును రాష్ట్రం 10 పని దినాల్లో స్థానిక సంస్థలకు బదిలీ చేయాలి. ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. ఈ షరతులకు ఒప్పుకునే రాష్ట్రం ఆ సొమ్మును తీసుకుంది. మీ పిటిషన్‌కు వెన్నెముక ఇదే.

ఒక్క హెచ్చరిక. కోర్టు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న, కరెంటు బాకీ ఉందా లేదా అన్నది. వీధిదీపాలు, మంచినీటి మోటార్ల బిల్లు పంచాయతీ కట్టాల్సిందే అయినప్పుడు ‘మాకు సంబంధం లేదు’ అని రాయవద్దు. ఎన్ని కనెక్షన్లు మీ పేరున ఉన్నాయో, వాటిలో వాడకంలో లేనివి ఎన్నో, మీటరు చూసి బిల్లు వేశారో అంచనాతో వేశారో తేల్చండి. బాకీ నిజమైనంత వరకు ఒప్పుకోండి. మీ అభ్యంతరం వేరే: ఏ నిధిలోంచి, ఎప్పుడు, ఎంత కట్టాలో నిర్ణయించాల్సింది పంచాయతీ. తీర్మానం లేకుండా, నోటీసు ఇవ్వకుండా, మురుగు కాల్వకు కేటాయించిన సొమ్మును తీసే అధికారం ఏ చట్టంలోని ఏ సెక్షన్ ఇచ్చిందో ప్రభుత్వం చూపించాలి. కోర్టు ముందు ఇంతకు మించి చెప్పనవసరం లేదు.

పై అధికారి మీద పంచాయతీకి కేసు వేసే అర్హత ఉందా అన్న సందేహం అక్కర్లేదు. గోవాలోని కలంగుట్ పంచాయతీ తీర్మానాన్ని అధికారి రద్దు చేసినప్పుడు, ఆ ఉత్తర్వును సవాలు చేసే హక్కు పంచాయతీకి ఉందని సుప్రీంకోర్టు 2012లో తీర్పు ఇచ్చింది. మీ న్యాయవాదికి ఈ తీర్పు సంగతి తప్పక చెప్పండి.

ముందుగా సర్దుబాటు ఉత్తర్వు నకలు సంపాదించండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఖాతా వివరాలు, పంచాయతీల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్‌లో నమోదైన మీ అభివృద్ధి ప్రణాళిక, మురుగు కాల్వ తీర్మానం ఒక్కచోట చేర్చండి. తర్వాత కలెక్టరుకు, పంచాయతీరాజ్ కమిషనరుకు వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయండి. మీ ఊరు అయిదో షెడ్యూల్ ప్రాంతంలో (ఆదివాసీ ప్రాంతంగా ప్రకటించిన చోట) ఉంటే మళ్లీ రాయండి. అక్కడ, పంచాయతీ వ్యవస్థను ఆ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం వల్ల గ్రామసభ బలం వేరుగా ఉంటుంది.

కేసు మాత్రం మీ సొంత పేరున వేయకండి. ‘గ్రామ పంచాయతీ తరఫున సర్పంచ్’ అని వేయండి. అందుకు అధికారం ఇస్తూ వార్డు సభ్యుల సంతకాలతో తీర్మానం ముందే చేయించండి. పంచాయతీ చట్టప్రకారం కొనసాగే సంస్థ కాబట్టి, తీర్పు రాకముందే మీ పదవీకాలం ముగిసినా తర్వాత వచ్చే సర్పంచ్ అదే ఫైలు పట్టుకుని హాజరుకావచ్చు.